పాలపిట్ట ఎడమ దిక్కు పోయింది

మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో అంచుల దాకా పొంగిన జలరాశి ఉంది. దాని ఒడ్డున గర్జిస్తూ దూసుకుపోయే ఉక్కు ఏనుగు ఉంది. ఆ ఏనుగు కడుపులో ఊరికి ఊరే ఉంది. ఒక యువకుడి ప్రేమ, ఒక తండ్రి పెట్టిన పరీక్ష, ఆకాశం నుంచి దిగి వచ్చిన నీలి శకునం, ప్రాణాలు గాలిలో వేలాడిన ఘడియ, అన్నీ ఉన్నాయి.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకున్నాను. కొన్ని సవరణలు చేయాలి. జలరాశి అన్నది ఊరి చెరువు. ఉక్కు ఏనుగు దూసుకుపోలేదు, దానికి ఆ ఓపిక లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు పక్క నుంచి మేకలు దాటిపోయేవి. యువకుడిని నేనే, పోశెట్టిని, ఆర్మూర్ బస్సు డ్రైవర్‌ను. ప్రేమ అనడం కూడా కొంచెం ఎక్కువే. ఆ పిల్ల ముఖాన్ని నేను అప్పటికి అద్దంలో మాత్రమే చూశాను, అదీ వెనక వచ్చే బండ్లను చూసుకోమని సర్కారు పెట్టిన అద్దంలో.

కాబట్టి ఇది మహాగాథ కాదు. పండుగ రోజుల్లో బండి ఎలా నడపాలో కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పడానికి ఒక రిటైరైన డ్రైవర్ రాసిన నాలుగు ముక్కలు. నాకు ఎప్పుడు ఏ జీతం పెరిగిందో ఇందులో ఉండదు. అది నాకూ సరిగా గుర్తులేదు, పెరిగినట్టు అనిపించలేదు కాబట్టి.

పండుగ బస్సు

అరవైలలో ఆర్మూర్ నుంచి దొంకేశ్వర్ వైపు పల్లెలకు నా బండి. తారు రోడ్డు ఊరు దాటగానే మమ్మల్ని వదిలేసి నాగపూర్ వైపు వెళ్లిపోయేది. మాకు మిగిలింది ఎర్ర కంకర పరిచిన మొరం బాట. మామూలు రోజుల్లో పసుపు మండీకి వచ్చిపోయే రైతులు, దవాఖానకు పోయే ముసలివాళ్లు, ఎవరి సీటు వాళ్లది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పెత్రమాస వచ్చిందా, అయిపోయింది! బతుకమ్మకు తల్లిగారింటికి పోయే ఆడబిడ్డలు తంగేడు, గునుగు మోపులతో ఎక్కేవారు. పూలతో పాటు తేనెటీగలు ఎక్కేవి, టికెట్ లేకుండా. కొత్త చీరల గంజి వాసన, పూల వాసన, ఇంజను వేడి, చప్పట్లు, పాట. ఎంత విసుగ్గా ఉన్న మనిషికైనా ఆ బండిలో కూర్చుంటే ఒళ్లు తేలికవుతుంది. నాకు ఇప్పటికీ ఆ వాసన వస్తే కాలు క్లచ్ మీదికి పోతుంది.

ఒకసారి ఇంజను వేడెక్కి నడిబాటలో ఆగితే, ఆడవాళ్లంతా దిగి బండి ముందు బతుకమ్మను పెట్టి, బండిని కూడా కలుపుకుని చుట్టూ ఆడారు. నా జీవితంలో నా చుట్టూ అంతమంది ఆడవాళ్లు తిరగడం అదే మొదలు, అదే చివర. ఆ సమయంలో నేను బానెట్‌లో తల పెట్టి ఉన్నాను. ఏమీ చూడలేదు.

దసరా దగ్గరపడితే మేకపోతులు బస్సు పైకి ఎక్కేవి. ఒక రోజు ముందు అద్దం మీద చుక్కలు పడుతుంటే వాన అనుకుని వైపర్ తిప్పాను. ఆకాశంలో మబ్బు లేదు. ఆ తర్వాత వైపర్ వాడే ముందు ఒకసారి పైకి చూడటం అలవాటు చేసుకున్నాను.

ఈ సందడిలో నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. పసుపు బస్తా పెట్టిన చోటే ఉంటుంది. మనిషి ఉండడు. లారీవాళ్లకు బరువు ఎక్కడుందో తెలుసు. బస్సు డ్రైవర్‌కు, అందులోనూ పండుగ నాడు, బరువు ఎప్పుడు ఎటు లేచి పోతుందో తెలియదు. మీరు ఎంత బాగా స్టీరింగ్ తిప్పినా, వెనక అంతమంది కలిసి వేరే స్టీరింగ్ తిప్పుతుంటారు.

దేవుడికి రోడ్డు కనబడుతుంది

దసరా పొద్దున షెడ్డులో బండ్లకు పూజ. మా షెడ్డు ఇన్‌చార్జి సార్ మంచివాడే, కానీ భక్తిని కొలత లేకుండా వాడేవాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్‌కు పసుపు, కుంకుమ. అక్కడిదాకా బాగుంది. ఆ తర్వాత ముందు అద్దానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా బంతిపూల దండలు, వాటి మధ్య మామిడి తోరణం, మిగిలిన ఖాళీలో కుంకుమ బొట్లు. నేను సీట్లో కూర్చుంటే పెళ్లిపందిట్లో తెర వెనక కూర్చున్నట్టుండేది.

నేను ఎక్కి ఒక దండను పక్కకు జరిపాను. సార్ కిందనుంచి చూశాడు.

“ఏయ్ పోశెట్టీ! దేవుని దండ తీస్తున్నవా?”

“దేవునికి రోడ్డు కనబడుతది సార్. నాకే కనబడుతలేదు.”

“ఒక్క దినం ఉంటె ఏమైతది?”

“ఒక్క దినం గూడ పట్టదు సార్. గేటు దాటితె చాలు.”

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. చివరికి దండలన్నీ ముందు గ్రిల్లుకు మారాయి, దేవుడికి అక్కడ గాలి కూడా బాగా తగిలింది. అంతలో ఎవరో బండ్ల ముందు గుమ్మడికాయ కొట్టారు. ముక్కలు ఎవరూ తీయలేదు. ఆ దసరాకు మా షెడ్డులో మొదటి ప్రమాదం బస్సు కదలకముందే జరిగింది. ఇంటికి బయలుదేరిన సార్ సైకిల్ సరిగ్గా ఆ గుమ్మడి గుజ్జు మీదికి పోయింది. సార్‌కు ఏమీ కాలేదు, లాల్చీ తప్ప. మరుసటి ఏడు నుంచి ముక్కలు ఊడ్చి పక్కన పోయమని ఆయనే ఆర్డర్ వేశాడు. కొందరు ఇన్‌చార్జీలకు పాఠం చెవి ద్వారా పోదు, వేరే దారిన పోతుంది.

ఉస్తాద్ బాలయ్య, రాయి

నాకు పని నేర్పింది ఉస్తాద్ బాలయ్య. ఆయన మాట్లాడేది తక్కువ, తిట్టేది ఎక్కువ. అప్పట్లో మా బండ్ల హ్యాండ్ బ్రేకులు పేరుకే. లాగితే కిర్రుమని చప్పుడు వచ్చేది, అదే అది చేసే పని. అందుకని బండి ఆపితే ఎవరో ఒకరం దిగి వెనక చక్రం కింద రాయి పెట్టేవాళ్లం. ఇది అందరూ చేసేదే. బాలయ్య తిట్లన్నీ ఆ తర్వాతి పని గురించి.

ఆయన చూసిన సంఘటన ఇది. ఒక లారీవాడు ఎత్తు మీద బండి ఆపి, చక్రం కింద రాయి పెట్టి, చాయ తాగి, బండి తీసుకుని పోయాడు. రాయి నడిరోడ్డు మీద ఉండిపోయింది. మునిమాపువేళ ఒక పెద్దమనిషి బతుకమ్మకు బిడ్డను తోలుకురావడానికి సైకిల్ మీద పోతూ దాన్ని గుద్దుకున్నాడు. భుజం ఎముక విరిగింది. ఆ పండుగకు తండ్రి బిడ్డను తీసుకురాలేదు, బిడ్డే తండ్రిని చూడటానికి దవాఖానకు వచ్చింది. చేతిలో బతుకమ్మ పూలు అట్లనే ఉన్నాయట, ఎక్కడ పెట్టాలో తెలియక. దీని మీద జోకు వేయాలని నేను చాలా ఏళ్లు ప్రయత్నించాను. రాలేదు.

“బండి ఆగినంతసేపు గా రాయి దేవుడురా,” అనేవాడు బాలయ్య. “బండి కదిలినంక గదే దయ్యమైతది. తీసి పక్కకు పెట్టనోడు డ్రైవర్ కాదు, దొంగ.”

నేను రెండుసార్లు మరిచిపోయాను. రెండుసార్లూ ఆయన నడిచే బండిని ఆపించి, వెనక్కి నడిపించి, నా చేతనే తీయించాడు. బండి నిండా జనం, అందరూ నన్ను చూసి నవ్వడం. మూడోసారి మరిచిపోలేదు. నవ్వుకన్నా మంచి మాస్టరు ఇంకా పుట్టలేదు.

నా ఒక్కపొద్దులు

పండుగ నాడు డ్రైవర్‌కు శత్రువులు ఉండరు, అదే ఇబ్బంది. ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు కల్లు లొట్టి పట్టుకుని బండి కిటికీ దగ్గరికి వస్తారు. “జర తాగు డ్రైవర్ సాబ్, పండుగ!” వద్దంటే బాధపడతారు, కోపం చేస్తారు, మా కల్లు పనికిరాదా అంటారు. డ్యూటీ మీద ఉన్నానంటే, “మేం గూడ డ్యూటీ మీదనే ఉన్నం, తాగుడు డ్యూటీ” అంటారు. బాలయ్యకు ఇది తెలుసు. “ఒక్కపొద్దు ఉన్న అని చెప్పు,” అన్నాడు. ఉపవాసం ఉన్నవాడికి కల్లు పోస్తే పాపమని, ఎంత తాగినవాడైనా లొట్టి వెనక్కి తీసుకుంటాడు.

నేను ఆ మాటను పండుగ రోజుల్లో వారమంతా వాడాను. సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. స్టాండు వెనక హోటల్లో కడుపునిండా తిని వచ్చి ఒక్కపొద్దు. కొన్నాళ్లకు దొంకేశ్వర్ దిక్కు పల్లెల్లో నాకు మహా భక్తుడని పేరు వచ్చింది. ముసలవ్వలు దిగేటప్పుడు దండం పెట్టేవారు. ఆ పేరు విని ఒక ఊరి నుంచి సంబంధం మాట కూడా వచ్చింది. పిల్ల పేరు గంగామణి. తండ్రి నడిపి లింగన్న. చెరువు కింద వరి, చెలకలో పసుపు, మక్క. మనిషి గట్టివాడు, నోరు ఇంకా గట్టిది. దసరా నాడు జమ్మి పెట్టుకునే వేళకు అవునో కాదో చెబుతానన్నాడు. ఈలోగా పిలగాడు ఎట్లాంటివాడో తన కళ్లతో చూడాలన్నాడు. గంగామణి నాకు అద్దంలో అప్పటికే కనబడి ఉంది. నాకు చూసుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

లింగన్న ఎక్కాడు

దసరా మధ్యాహ్నం ఆర్మూర్ స్టాండులో బండి నిండి, ఇంకా నిండుతూ ఉంది. లింగన్న తెల్లటి రుమాలు తలకు చుట్టుకుని, చంకలో లొట్టితో ఎక్కి, సరిగ్గా నా వెనక సీట్లో కూర్చున్నాడు. వెనక బిడ్డ, గాజులు కొనుక్కుని వస్తోంది. కండక్టర్ కిష్టయ్య నా చెవిలో, “మామ ఎక్కిండు, జర పయిలం,” అని పళ్లికిలించాడు. కిష్టయ్య మంచి కండక్టర్. ఎవరి పరీక్ష ఎప్పుడో అందరికంటే ముందు తెలుసుకునేవాడు.

బండి ఊరు దాటిందో లేదో లింగన్న మొదలుపెట్టాడు.

“గింత మెల్లగనా పోయేది, పిలగా? మా ఎడ్లు నయం.”

“మీ ఎడ్లకు గీ రోడ్డు తెలుసు పటేలా. జనం ఎక్కలేదు వాటి మీద.”

“పొద్దు గూకకముందు పాలపిట్టను చూడాలె, జమ్మి కాడికి పోవాలె. నువ్విట్ల తోలితే దీపావళికి చేరుతం.”

బండంతా నవ్వింది. తర్వాత లొట్టి నా భుజం మీదుగా వచ్చింది. “ఇగో, జర గొంతు తడుపు. చెయ్యి చురుకైతది.”

“ఒక్కపొద్దు పటేలా.”

“సోమారం ఒక్కపొద్దన్నవట, బేస్తారం ఒక్కపొద్దన్నవట. దసరాకు గూడనా? ఏ దేవుడు పిలగా నీకు?”

“పెద్ద దేవుడే పటేలా. చక్రాల కాడ ఉంటడు. బ్రేకంటరు.”

అద్దంలో గంగామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం చూశాను. వెనక బండ్లేమీ రావడం లేదు, కాబట్టి మరికాసేపు చూశాను. మీరు అలా చేయకండి.

అప్పటికి బండిలో ఒకటే మాట, పాలపిట్ట. దసరా నాడు పాలపిట్టను చూడకపోతే ఏడాదంతా వెలితి. చిన్నా పెద్దా కిటికీలకు అతుక్కుని ఆకాశాన్ని గాలిస్తున్నారు. తీగ మీద కాకి కనిపించినా సగం లేచి కూర్చుంటున్నారు. పాలపిట్ట కూర్చుంటే బురద రంగు, ఎగిరితేనే నీలం. అందుకని కూర్చున్న ప్రతి పిట్టా ఎగిరేదాకా పాలపిట్టే అయ్యే అవకాశం ఉంది. ఆశకు ఇంతకంటే వీలు ఉండదు.

కట్ట మీద

ఆ ఊరికి పోవాలంటే చెరువు కట్ట మీదుగా పోవాలి. ఒక బండి పట్టేంత వెడల్పు, మొరం నేల. కుడి పక్క, అంటే నా పక్క, చెరువు. ఆ ఏడు వానలు బాగా పడి నిండుగా ఉంది. ఎడమ పక్క కిందికి వాలు, కింద వరి మడులు. రోజూ పోయే బాటే. కట్ట నడుమ పట్టుకుని మొదటి గేరులో మెల్లగా పోతున్నాను. సగం దాటాం.

“పాలపిట్ట!”

అరిచింది లింగన్న. చెరువు దిక్కు చెయ్యి చూపించి, నా భుజం మీదుగా నా కిటికీలోకి తల దూర్చాడు. ఆయన రుమాలు ఊడి నా కళ్ల మీద పడింది. ఒక్క చేత్తో రుమాలు లాగేసేలోపు బండి మొత్తం లేచింది. నిజంగా లేచింది! సీట్లలో ఉన్నవాళ్లు, నిలబడినవాళ్లు, మెట్ల మీద వేలాడుతున్నవాళ్లు, అందరూ ఒక్కసారి కుడి పక్కకు. “ఏది? ఏది?” “గాడ, గాడ, తుంగల!” “నాకు కనబడుతలేదు, జరుగవ్వా!” పైన మేకపోతులు కూడా దడదడమని కుడికే నడిచాయి. వాటికి శకునంతో ఏం పనో ఇప్పటికీ అర్థం కాలేదు.

బండి కుడికి ఒరిగింది. వానలకు మెత్తబడ్డ అంచు మీదికి వెనక చక్రం జారింది. నాకు అది చూపు కంటే ముందు నడుముకు తెలిసింది. డ్రైవర్‌కు మొదటి కన్ను అక్కడే ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కితే బండి వెనక భాగం ఇంకా జారుతుంది. మెల్లగా, గుడ్డును పట్టుకున్నట్టు తొక్కాను. ఆగింది. కిటికీలోంచి చూస్తే కింద నేల లేదు, నీళ్లే. మట్టి పెళ్లలు గుబుక్కు గుబుక్కుమని పడుతున్నాయి.

జనం మాత్రం ఇంకా పిట్టను వెతుకుతున్నారు.

ఇప్పుడు “బండి పడుతుంది!” అని అరిచాననుకోండి, అందరూ ఒక్కసారి ఎగబడతారు. ఆ కుదుపు చాలు. “ఎడమకు జరగండి” అంటే ఎవడూ వినడు. అటు పాలపిట్ట ఉంటే ఇటు ఎవడు జరుగుతాడు? కిష్టయ్య వెనక తలుపు దగ్గర తెల్లబడ్డ మొహంతో నన్ను చూస్తున్నాడు. విజిల్ నోట్లోనే ఉంది, ఊదడం మరిచిపోయాడు.

నేను తల ఎడమకు తిప్పి, నా గొంతులో ఉన్న సంతోషమంతా కూడదీసుకుని అరిచాను.

“అరె! ఎడమ దిక్కు పోయింది! వరి మడిల వాలింది! మెల్లగ చూడుండ్రి, చప్పుడు చేస్తె ఎగిరిపోతది!”

మంత్రం వేసినట్టయింది. అంతమందీ ఊపిరి బిగబట్టి, మునివేళ్ల మీద, ఒకరినొకరు పట్టుకుని మెల్లగా ఎడమకు జరిగారు. పెళ్లాం మొగుడి నోరు మూసింది. బండి ఒక్కో అంగుళం నిటారు అయింది. నా జన్మలో అంత క్రమశిక్షణ గల ప్రయాణికులను నేను చూడలేదు.

“దిగి చూస్తె ఇంక మంచిగ కనబడుతది,” అన్నాను. “ఒక్కొక్కరు. మెల్లగ.”

కిష్టయ్యకు అర్థమైంది. తలుపు దగ్గర చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే దింపాడు, “ష్, ష్” అంటూ. లింగన్న కూడా దిగాడు. చివరగా ఒక ముసలవ్వను పట్టుకుని గంగామణి పోతూ నా దగ్గర ఒక క్షణం ఆగింది.

“గాడ పిట్ట లేదు గదా?” అంది గుసగుసగా.

“లేదు. దిగు.”

మేం ఇద్దరం మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. ఇంతకంటే మంచివి సినిమాల్లో ఉండొచ్చు.

నేను కిష్టయ్యను బ్రేకు మీద కూర్చోబెట్టి, ఎడమ తలుపు నుంచి దిగి, చెరువు పక్క కట్టకు పేర్చిన రాళ్లలోంచి ఒక పెద్ద రాయి ఊడబెరికి, వెనక చక్రం కింద బిగించాను.

శకునం మీద తగువు

వాలు మీద నిలబడి అంతమంది వరి మడిలోకి చూస్తున్నారు. పిట్ట లేదు. ఉన్నది ఒక్క కొంగ. లింగన్న వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

“ఏది పిలగా, పిట్ట?”

“ఎగిరిపోయింది పటేలా.”

“నేను నీ వెనకనే కూసున్న. చెరువు దిక్కు నుంచి పిట్ట ఎడమకు రావాలంటె బండి మీదికెళ్లి పోవాలె. ఏదీ పోలే. నువ్వు అబద్ధమాడినవ్.”

నేను వెనక చక్రం దిక్కు చూశాను.

“దసరా నాడు! పాలపిట్ట మీద! ఒక్కపొద్దులుంటడు, మస్తు భక్తుడంటె నమ్మినం. శకునాన్నే అబద్ధం చేసేటోనికి నా బిడ్డనియ్య. అయిపోయింది, పో.”

అందరూ వింటున్నారు. గంగామణి గాజుల పొట్లం గట్టిగా పట్టుకుని నేల చూస్తోంది. నిజం చెప్తే పండుగ పూట అంతమందికి భయం పుట్టించాలి. చెప్పకపోతే సంబంధం పోయింది.

కిష్టయ్య లింగన్న చెయ్యి పట్టుకుని, “పటేలా, జర గిటు రా,” అని బండి వెనక్కి తీసుకుపోయాడు. చక్రంలో సగం కట్ట మీద, సగం గాలిలో. లింగన్న చూస్తుండగానే ఇంకో మట్టి పెళ్ల ఊడి నీళ్లలో పడింది. ఆయన వంగి చక్రం కింద చూసి, గొంతు తగ్గించి అడిగాడు. ఆ మనిషి గొంతు తగ్గడం ఆ ఊరివాళ్లకు పాలపిట్ట కంటే అరుదు.

“గిది ఎప్పుడైంది?”

“నువ్వు పాలపిట్ట అని ఒర్రినప్పుడు,” అన్నాడు కిష్టయ్య.

“మరి గా పిట్ట...”

గంగామణి దింపిన ముసలవ్వ అందుకుంది. “పాలపిట్ట ఏడిదిరా లింగా? గది లకుముకి పిట్ట. చాపల కోసం కూసున్నది. నా కండ్లకే కనబడ్డది, నీకేమైంది? లొట్టి కనబడ్డట్టున్నది.”

అందరూ ఘొల్లున నవ్వారు. నాకు ధైర్యం వచ్చింది.

“పటేలా, మీరు ఒక పిట్టను చూసి ఇంకో పిట్ట అన్నరు. నేను లేని పిట్టను చూసిన. చెరో అబద్ధం. సమానమే.”

లింగన్న నవ్వలేదు. రుమాలు నడుముకు చుట్టుకుని, “ముందుగాల బండి తియ్యుండ్రి,” అన్నాడు.

ఇక చూడాలి ఆ సంబరం! బండి పైన కట్టిన మోకులు విప్పి మగవాళ్లంతా ఎడమ పక్కనుంచి లాగారు. ఆడవాళ్లు కొమ్మలు, గడ్డి తెచ్చి చక్రాల ముందు పరిచారు. మేకపోతులను దింపారు, అవి వరి మడిలోకి పోయి వాటి దసరా అవి చేసుకున్నాయి. నేను ఒక్కడినే ఎక్కి మొదటి గేరు వేశాను. లింగన్న బండి ముందు వెనక్కి నడుస్తూ రెండు చేతులతో దారి చూపిస్తున్నాడు.

“తిప్పు! ఇంక తిప్పు! పిట్ట దిక్కు తిప్పు!”

ఆ కట్ట మీద ఆ రోజు ఎడమకు కొత్త పేరు వచ్చింది. బండి ఒక్కసారి మూలిగి, గడ్డిని నమిలి, కట్ట నడుమకు వచ్చింది. కేకలు, ఈలలు, ఎవరో లొట్టి ఎత్తారు. ఇంజను ఆపకుండా, కిష్టయ్యను మళ్లీ బ్రేకు మీద కూర్చోబెట్టి, దిగి వెనక్కి నడిచాను. రాయి బరువు, చేతులు జారుతున్నాయి.

“ఇగ రా డ్రైవర్ సాబ్! పొద్దు గూకుతున్నది! గా రాయితోటి ఏం పని?” అని జనం కేకలేశారు.

నాకు బాలయ్య గొంతు వినబడుతోంది, అవి తిట్లు కాబట్టి ఇక్కడ రాయను. రాయిని ఊడబెరికిన చోటే కుదురుగా పెట్టి, కాలితో తొక్కి, వచ్చి ఎక్కాను. ఖాళీ బండి ముందు, జనం వెనక నడుస్తూ, అలా కట్ట దాటాం. అది బస్సులా లేదు, ఊరేగింపులా ఉంది.

ఆ సాయంత్రం ఎవరూ పాలపిట్టను చూడలేదు. జమ్మి దగ్గరికి అందరూ ఆలస్యంగా చేరారు, కానీ అందరూ చేరారు. లింగన్న జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్ని మేం బంగారం అంటాం. “మీ అవ్వ, నాయినను తోలుకరా, మాట్లాడుకుందాం,” అన్నాడు. అంతే.

పిట్ట స్టాపు

మరుసటి ఏడు నుంచి దసరా నాడు కట్టకు ఇవతలే బండి ఆపేవాడిని. అందరూ దిగాలి, నేల మీద నిలబడి కావలసినంత పిట్టను చూసుకోవాలి, కట్ట మీద నడిచి రావాలి, ఖాళీ బండి ముందు పోతుంది. మొదట గొణిగారు. తర్వాత అదే పండుగలో భాగమైంది. కొత్తగా వచ్చినవాళ్లు కిష్టయ్యను, “పిట్ట స్టాపుకు రెండు టికెట్లు” అని అడిగేవారు. కొన్ని ఏళ్లు నిజంగానే పాలపిట్ట కనబడింది కూడా.

పిల్లలూ, పండుగ నాడు మీ వెనక కూర్చున్నవాళ్లకు తొందర ఉంటుంది. ఉండాలి, అది వాళ్ల పండుగ. ఆ తొందరను మీ కాలి కిందికి రానివ్వకండి. వాళ్లు మెల్లగా పోతున్నావని తిడతారు. ఆ తిట్లు ఇంటికి చేరి తిట్టుకునే తిట్లు. వినడానికి బాగానే ఉంటాయి. తాగమంటే అబద్ధం చెప్పండి. నా తరఫున చెప్పండి.

పెళ్లయ్యాక చాలా ఏళ్లకు, ఒక దసరా నాడు అదే కట్ట మీద మామతో కలిసి నడుస్తున్నాను. ఇన్నేళ్లుగా నా మనసులో ఒక బొమ్మ ఉంది: అంతమంది ప్రాణాలు కాపాడిన యువకుడు, అది చూసి కరిగిన తండ్రి. ఆ మాట ఆయన నోట వినాలని అడిగాను.

“మామా, ఆనాడు పిల్లనియ్య అన్నవ్. మళ్ల ఎందుకిచ్చినవ్? బండిని కాపాడిన అనేనా?”

“బండి నీదే గదా, నువ్వు గాక ఎవడు కాపాడుతడు?”

“మరి పిట్ట ఉపాయం చూసా?”

“గది అబద్ధం. ఇప్పటికీ నాకు కోపమే.”

“మరేంది?”

ఆయన కట్ట వైపు చెయ్యి చూపించాడు. “మా వరి గీ చెరువు కిందనే ఉన్నది. వచ్చేటోడు పోయేటోడు బండి చక్రానికి కట్ట రాళ్లు పీకుతరు, పీకినోడు బాట మీదనే పడేసి పోతడు. గీడ కట్టకు బొంద, గాడ బాటకు అడ్డం. నువ్వొక్కనివే తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టినవ్.”

“గంతేనా?”

“గంతే.”

కాబట్టి, బండి ఆపితే వెనక చక్రం కింద రాయి పెట్టండి. కదిలే ముందు ఆ రాయి తీసి పక్కన పెట్టండి.